రాత్రి కనిపించిన రెండో గీత

ప్రశ్న: డాక్టరుగారూ, మాది కేజీఎఫ్, రాబర్ట్‌సన్‌పేట. నెల తప్పి వారమైంది. తెల్లవారుజామున కిట్‌తో చూసుకుంటే ఒకటే గీత. రైలుకి టైమవుతోందని దాన్ని అక్కడే పెట్టి బెంగళూరు డ్యూటీకి వెళ్లిపోయాను. రాత్రి వచ్చి చూస్తే లీలగా రెండో గీత! ఏది నమ్మాలి?

జవాబు: రాత్రి చూసినదాన్ని లెక్కలోకి తీసుకోకమ్మా. ప్యాకెట్ మీద చెప్పిన గడువు, సాధారణంగా 5 నిమిషాలు, దాటితే ఫలితం చెల్లదు. తడి ఆరాక రంగులేని, బూడిదలాంటి చార ఒకటి తేలుతుంది. గడువులోగా కిట్ మీది ‘టి’ అక్షరం దగ్గర గులాబీ గీత పడితే మాత్రం, ఎంత పలచగా ఉన్నా గర్భమనే అనుకోవాలి. ‘సి’ దగ్గర గీతే లేకపోతే ఆ కిట్ పనిచేయలేదన్నమాట.

గడువు దాటాక చూడొద్దని తెలుగులో, కన్నడంలో పెద్ద అక్షరాలతో కిట్ మీదే అచ్చేస్తే నీకీ బెంగ ఉండేది కాదు. అలా వేయాల్సిందే.

రెండు మూడు రోజులాగి, పొద్దున్నే మొదటి మూత్రంతో కొత్త కిట్ వాడు. ఆశా కార్యకర్తను అడిగితే ‘నిశ్చయ్’ కిట్ ఉచితంగా ఇస్తారు. అప్పటికీ తేలకపోతే రక్తపరీక్ష చేయించుకో. ఈలోగా పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి, రక్తస్రావం, కళ్లు తిరగడం ఉంటే గీతల సంగతి వదిలేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లు. గర్భం ట్యూబులో నిలిచి ఉండొచ్చు.