ఇంటి ముంగిట పచ్చిక – తగిన గడ్డి రకమును ఎన్నుకొనుట ఎట్లు?

చేనులో గరిక కనిపించిన పారతో త్రవ్వి, వేరు కూడ మిగులకుండ ఏరి, గట్టుమీద ఎండవేయుట మనకు తరతరములుగా తెలిసిన పని. అదే గరికను పట్టణములో వెలపెట్టి కొని, ముంగిట నాటి, నీరు పోసి పెంచుచున్నారు. ఇందులో వింత ఏమియు లేదు. చేనుకు కలుపు అయినది ముంగిలికి పంట కావచ్చును. అయితే ఏ పంటకైనను నేల, నీరు, ఎండ చూచి విత్తనము ఎన్నుకొందుము గదా! పచ్చిక విషయములో మాత్రము చాలమంది ఆ విచారణ చేయక, కంటికి నచ్చిన చాపను కొని పరచి, రెండవ వేసవికి మట్టి చూచుచున్నారు.

ఈ పాఠము పట్టణములో ఇల్లు కట్టుకొన్నవారికి మాత్రమే కాదు. పంచాయతి కార్యాలయము, పాఠశాల ఆవరణలలో పచ్చిక వేయదలచిన గ్రామాధికారులకును, పచ్చికను పంటగా పెంచి అమ్ము రైతులకును ఇది పనికివచ్చును. ఉదాహరణగా హైదరాబాదు తూర్పుభాగమున నున్న మూసారాంబాగ్‌ను తీసికొందము.

పేరులోనే తోట

నిజాము కొలువులో సేనానిగా నుండి 1798లో మరణించిన ఫ్రెంచి దేశస్థుడు రేమాండును హిందువులు ‘మూసా రాం’ అని పిలిచెడివారు. ఆ పేరునకు బాగు, అనగా తోట, చేరి మూసారాంబాగ్ అయినది. అతని సమాధి ఆ చేరువనే అస్మాన్‌గఢ్ గుట్టమీద నున్నది. పేరులో గడ్డి గల గడ్డిఅన్నారము కూడ ప్రక్కనే గలదు. ఇప్పుడు ఆ ప్రాంతము ఇండ్లతో, అంగళ్ళతో క్రిక్కిరిసియున్నది. 2018 సెప్టెంబరు నుండి మెట్రో రైలు ఆ దారిని నడచుచున్నది. తోటలు పోయి, ఇంటి ముందు నలభై, యాభై గజముల జాగా మిగిలినవారే అదృష్టవంతులు. ఆ కొద్ది జాగాలో తప్పు రకము వేసిన డబ్బు, నీరు రెండును దండుగ.

మూసీ ఒడ్డున మురుగునీటితో పెరుగు పారా గడ్డిని చూచి ‘ఇక్కడ గడ్డి పెరుగుటకు ఏమి కష్టము?’ అని కొందరందురు. అది పశువుల మేతకై కోసికొను గడ్డి. ఎత్తుగా పెరుగును, ఎప్పుడును తడి కోరును. ముంగిటి పచ్చిక అట్లుకాదు. పొట్టిగా కత్తిరించినను, కాళ్ళ క్రింద నలిగినను, నేలను విడువక ప్రాకవలెను. అట్టి గడ్డులు కొన్నియే.

మొదట ఎండను కొలువుడు

రకమును నిర్ణయించునది ముఖ్యముగా ఎండ. పచ్చికను సామాన్యముగా తొలకరిలో నాటుదురు. జూన్ నెలలో సూర్యుడు మన నడినెత్తికి కొంచెము ఉత్తరముగా నుండును. కావున ఉత్తరపు వాకిలి గల ఇంటి ముంగిట కూడ అప్పుడు ఎండ నిండుగా పడును. యజమాని అది చూచి ఎండకోరు గడ్డిని వేయును. డిసెంబరు వచ్చునప్పటికి సూర్యుడు దక్షిణమునకు వాలును. అప్పుడు 30 అడుగుల ఎత్తుగల ఇంటి నీడ మిట్టమధ్యాహ్నము ఉత్తరముగా సుమారు 26 అడుగుల దూరము పడును. ముంగిలి యంతయు నీడలో మునుగును. గడ్డి పలుచబడును, ఖాళీలలో నాచు పట్టును. ‘నర్సరీవాడు మోసము చేసినాడు’ అని యజమాని అనుకొనును. మోసము చేసినది నీడ.

కాబట్టి నాటుటకు ముందు ఒక దినము ఉదయము 8 గంటల నుండి సాయంకాలము 4 గంటల వరకు రెండు గంటల కొకసారి నీడ అంచున పుల్లలు పాతి చూడవలెను. చలికాలములో నీడ ఎంతవరకు వచ్చునో ఆ ఇంట నున్నవారిని అడిగి తెలిసికొనవలెను. ప్రక్క ఖాళీ స్థలములో రేపు నాలుగంతస్తులు లేవవచ్చునని కూడ మరువరాదు.

రకములు, వాటి గుణములు

గరిక: ఇది మన దేశమునకు చిరపరిచితము. వినాయకుని పూజకు దూర్వ యనుచు వాడునది ఇదే. శాస్త్రజ్ఞులు దీనిని సైనోడాన్ డాక్టిలాన్ అందురు. వేరు లోతుగా పోవును. ఎండను, కొంత ఉప్పునీటిని, త్రొక్కుడును ఓర్చును. గాయపడినను త్వరగా మాని ప్రాకును. రోజుకు ఆరు గంటలకు తక్కువ కాకుండ ఎండ కావలెను. నీడలో మాత్రము నిలువదు. పిల్లలు ఆడుకొను ముంగిలికి, పాఠశాల మైదానమునకు దీనికి సాటి లేదు.

సంకర గరికలు: అమెరికాలోని టిఫ్టన్ పరిశోధనా కేంద్రమునుండి 1960లో టిఫ్‌వే, 1965లో టిఫ్‌డ్వార్ఫ్ అను రకములు వెలువడినవి. ఆకు సన్నము, అల్లిక దట్టము. ఇవి మొలకెత్తు విత్తనమును ఇయ్యవు. పిలకలు నాటియే పెంచవలెను. కావున ‘టిఫ్టన్ విత్తనము’ అని పొట్లము చూపిన కొనరాదు. తరచు కోత, ఎరువు కోరును గనుక తీరిక గలవారికే తగును.

జోయిసియా: నర్సరీలలో కొరియన్ అనియు, మెక్సికన్ అనియు, కార్పెట్ అనియు చెప్పు గడ్డులలో పెక్కు ఈ జాతివే. మెక్సికన్ అన్నంతమాత్రమున మెక్సికో గడ్డి కాదు. దీని పుట్టుక తూర్పు ఆసియా ప్రాంతము. మెత్తగా తివాచీవలె నుండును. రోజుకు నాలుగైదు గంటల ఎండతో సరిపెట్టుకొనును. తరచు కోయనక్కరలేదు. లోపమేమనగా, ఎదుగుదల మందము. పిలకలు నాటిన నేల కప్పుటకు ఆరు నెలలు, ఒక్కొక్కచో సంవత్సరము పట్టును. త్రొక్కుడుకు గాయపడిన మానుట కూడ ఆలస్యమే. సన్నని ఆకు గల రకమును కోయక వదలిన బొడిపెలు బొడిపెలుగా ఉబ్బును.

వెడల్పాకు గడ్డి: దీనిని బఫెలో గడ్డి యందురు. ఆకు వెడల్పు, కాడ లావు. ఇక్కడ చెప్పిన వాటిలో నీడను ఎక్కువగా ఓర్చునది ఇదియే. కాని నీరు ఎక్కువ కావలెను, త్రొక్కుడు పనికిరాదు. చెట్టుక్రింద, నీటి వసతి గలచోట వేయవచ్చును.

చలిదేశపు గడ్డులు: బొమ్మల పొట్లములలో వచ్చు బ్లూగ్రాస్, ఫెస్క్యూ, రైగ్రాస్ విత్తనములు శీతకాలమున చక్కగా మొలచి ఆశ పెట్టును. ఏప్రిల్ ఎండకు మాడిపోవును. హైదరాబాదు ముంగిళ్ళకు ఇవి తగవు.

ఒక్కొక్క అంగడిలో ఒక్కొక్క పేరు చెప్పుదురు గనుక పేరును నమ్మక మొక్కను చూడవలెను. ఆకు వెడల్పు, కణుపుల దూరము, ప్రాకుతీరు పరిశీలించవలెను. అదే గడ్డి ఒక వేసవి గడచినచోట ఎట్లున్నదో చూచి కొనుట ఉత్తమము.

నీటి లెక్క

ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు నీరు నిలిచిన అది ఒక లీటరు. 60 చదరపు గజముల పచ్చిక సుమారు 50 చదరపు మీటర్లు. మండువేసవిలో రోజుకు 5 మిల్లీమీటర్లు కావలెనని లెక్కించిన 250 లీటర్లగును. నెలకు 7,500 లీటర్లు. అనగా 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటిన్నర! హైదరాబాదు నగరములో 2021 జనవరిలో ఆరంభమైన ఉచిత మంచినీటి పథకములో ఇంటికి నెలకు 20,000 లీటర్లు నిర్ణయించినారు. అందులో మూడవవంతునకు మించి గడ్డి త్రాగుట న్యాయమా? ఒక వీధిలో బోరు ఎండి జనము బిందెలతో నిలిచియుండగా, ప్రక్క ఇంట పచ్చికపై గొట్టముతో నీరు వదలుట శోభనీయము కాదు. బియ్యము, కూరలు కడిగిన నీటిని పచ్చికకు మళ్ళింపవచ్చును. అంతకన్న మేలు, పచ్చిక వైశాల్యమునే తగ్గించుట.

బోరు నీరైనచో పరీక్ష చేయించవలెను. విద్యుద్వాహకత 0.7 డెసీసీమెన్‌లకు లోపలనున్న భయము లేదు. 3 దాటిన పెక్కు మొక్కలకు కష్టము. అట్టిచోట గరిక తప్ప సున్నితమైన రకముల జోలికి పోరాదు.

ఒక ఇంటి లెక్క

మూసారాంబాగ్‌లో ఉత్తరపు వాకిలి గల 30 అడుగుల ఎత్తు ఇల్లు అనుకొందము. ముంగిలి వెడల్పు 27 అడుగులు, గోడనుండి ప్రహరీ వరకు 20 అడుగులు. మొత్తము 60 గజములు. సెప్టెంబరు చివరనే మధ్యాహ్నపు నీడ గోడనుండి 9 అడుగులు దాటును. మరల మార్చి చివరకుగాని వెనుకకు పోదు. కావున గోడప్రక్క 8 అడుగులలో గడ్డి వేయక, కంకర పరచి, నీడకు ఓర్చు మొక్కల కుండీలు పెట్టుట మంచిది. వాననీరు కూడ అందులో ఇంకును. మిగిలిన 12 అడుగులలో జోయిసియా వేయవలెను. చలికాలమున ఎదుగుదల ఆగినను ఫిబ్రవరి నుండి తేరుకొనును. పచ్చిక 36 గజములకు తగ్గును. వేసవిలో రోజుకు 250కి బదులు 150 లీటర్లు చాలును. అదే ఇల్లు దక్షిణపు వాకిలిదై, ఎదుట అడ్డు లేనిచో, నిస్సంకోచముగా గరికను వేయవలెను.

నేల తయారీ, నాటుట

ఇంటి ముంగిట నుండునది అసలు నేల కాదు. పునాది త్రవ్విన మొరము, ఇటుక ముక్కలు, సిమెంటు, సున్నము కలిసియుండును. ఒక అడుగు లోతు త్రవ్వి వీటిని ఏరివేయవలెను. సిమెంటు, సున్నము మిగిలిన నేల క్షారమై, గడ్డికి ఇనుము అందక లేతాకు పసుపుబారును. అట్లయిన లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది కరిగించి ఆకులపై చల్లవలెను.

చదరపు మీటరుకు 4, 5 కిలోల బాగుగ చివికిన పశువుల ఎరువు కలుపవలెను. పచ్చి పేడ కలుపు విత్తనములను తెచ్చును. మే నెలలో త్రవ్విన నేలను ఎండనిచ్చి, తరువాత ఒకమారు తడిపి, మొలచిన తుంగను గడ్డలతో సహా తీయవలెను. ఇట్లు రెండు మూడు మార్లు చేయవలెను. తుంగ యున్న నేలలో పచ్చిక వేయుట దొంగను ఇంటిలో ఉంచి తలుపు వేయుట వంటిది. నీరు ఇంటివైపు రాకుండ వందకు ఒక పాలు వాలు బయటికి ఉంచవలెను.

జూన్ చివరనుండి ఆగస్టు వరకు నాటుటకు అదను. గరిక పిలకలను 15 సెంటీమీటర్ల ఎడముగా నాటిన రెండు మూడు నెలలలో నేల కప్పును. జోయిసియాను 10 సెంటీమీటర్ల ఎడముగా, చదరపు మీటరుకు నూరు చొప్పున నాటవలెను. లేదా చాపలుగా పరచవలెను. చాపల విషయములో ఒక జాగ్రత్త. నల్లమట్టిలో పెంచిన చాపను ఎర్ర మొరముపై పరచిన, రెండు మట్టులు కలియక వేరు పైపొరలోనే తిరుగును. చాప మట్టి పలుచగా నుండవలెను; నాటు నేలపై పొరను పలుగు పారలతో గుల్ల చేయవలెను. చాపను తిరగవేసి తుంగగడ్డలున్నవేమో చూడకుండ డబ్బు ఇయ్యరాదు.

మూసీకి చేరువగా పల్లమున నున్నవారు వరదను కూడ తలచుకొనవలెను. 2020 అక్టోబరు వానలను నగరము మరువలేదు. 2022 జూలైలో నది పొంగి మూసారాంబాగ్ వంతెనపై రాకపోకలు ఆగినవి. గరిక కొద్ది దినముల మునకను ఓర్చును గాని, పైన నిలిచిన ఒండ్రును ఓర్వదు. నీరు తీసిన వెంటనే బురదను కడిగివేయవలెను.

పెంపకము

గడ్డి 5, 6 సెంటీమీటర్లు పెరిగినప్పుడు మొదటి కోత కోయవలెను. ఒక్కమారుగా మూడవవంతునకు మించి కోయరాదు. గరికను 3 సెంటీమీటర్ల ఎత్తున ఉంచిన చాలును. వేసవిలో మరికొంచెము ఎత్తుగా నుంచిన నేల చల్లగా నుండును. నీరు ప్రతిదినము పైపైన చిలకరింపక, రెండు మూడు దినముల కొకమారు లోతుగా తడియునట్లు ఉదయమున పెట్టవలెను. అప్పుడే వేరు క్రిందికి దిగును. వానకాలమున గరికకు నెలకు చదరపు మీటరుకు 10 గ్రాముల యూరియా చల్లి వెంటనే తడుపవలెను. జోయిసియాకు అందులో సగము చాలును.

పచ్చికను పెంచి అమ్ము రైతు సోదరులకు ఒక మాట. చాప లేచిన ప్రతిమారు మీ చేని పైమట్టి కొంత పట్టణమునకు పోవుచున్నది. ఎరువు, చెరువుమట్టి వేసి ఆ లోటు తీర్చుకొననిచో కొన్నియేండ్లలో క్రింది గట్టినేలయే మిగులును. కొనువానిని కూడ ‘మీ ముంగిట ఎండ ఎంత?’ అని అడిగి తగిన రకమును ఇయ్యుడు. అడిగి ఇచ్చిన రైతు వద్దకే అతడు తన బంధువును పంపును.

తుదకు మూడు మాటలు జ్ఞాపకముంచుకొనుడు. ఎండ నిండుగానున్న గరిక. సగమెండ యైన జోయిసియా. నీడయే యైన గడ్డి మాని కంకర, కుండీలు. నీరు లేనిచోట ఏ గడ్డియు వలదు. ఒక వేపమొక్కను నాటుడు. అది వేళ్ళూను వరకే మీ బిందె నీరు అడుగును. తరువాత మీ మనుమలకు కూడ నీడ నిచ్చును.