ఎలైట్ మహిళల రోడ్ రేసు: రూల్సు, హక్కులు – తరచూ అడిగే ప్రశ్నలు

కర్నూలు, కడపల్లో జరిగే 5కె, 10కె పరుగుల్లో రూల్సు గురించి పెద్దగా ఎవరూ అడగరు. ఇక్కడ గెలిచిన అమ్మాయి పెద్ద నగరం రేసులో ఎలైట్ బిబ్ పెట్టుకుంటే మాత్రం ప్రతి చిన్న సంగతికీ వరల్డ్ అథ్లెటిక్స్ రూలు ఒకటుంటుంది. వాటిలో కొన్ని కట్టడి చేసేవి, చాలావరకు కాపాడేవి.

ఎలైట్ మహిళలను విడిగా ఎందుకు పరిగెత్తిస్తారు?
వేలమంది మగవాళ్ల మధ్య పరిగెత్తితే మహిళల్లో ముందున్నదెవరో కనబడదు. మగ పేసర్ వెనక పరిగెత్తేవారికి గాలి తాకిడి తగ్గుతుంది, వేగం నిలకడగా ఉంటుంది. 2003 లండన్ మారథాన్‌లో బ్రిటన్ రన్నర్ పౌలా రాడ్‌క్లిఫ్ 2:15:25 టైమింగ్‌తో ప్రపంచ రికార్డు సాధించింది మగ పేసర్లతోనే. ఆ రికార్డును ఏం చేయాలన్న వివాదం 2011లో రేగి, చివరకు రెండు జాబితాలు స్థిరపడ్డాయి: మహిళలు మాత్రమే పరిగెత్తిన రేసులకు ఒకటి, మగవాళ్లతో కలిసి పరిగెత్తినవాటికి ఒకటి.

కర్నూలు 10కెలో వచ్చిన టైమింగ్ లెక్కలోకి వస్తుందా?
వాచీలో జీపీఎస్ చూపిన దూరం చాలదు. గుర్తింపు పొందిన కొలతగాడు కాలిబ్రేట్ చేసిన సైకిల్‌తో రూటు కొలవాలి. రికార్డుగా నిలవాలంటే మరో రెండు షరతులున్నాయి. స్టార్టుకూ ఫినిష్‌కూ మధ్య నేరుగా ఉన్న దూరం రేసు దూరంలో సగం మించకూడదు. పల్లం కిలోమీటరుకు సగటున ఒక మీటరు దాటకూడదు. కొండారెడ్డి బురుజు దగ్గర ముగిసే 10కె అయితే, దాని స్టార్టు అక్కడికి 5 కిలోమీటర్లలోపు ఉండాలి, 10 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు.

నిక్కరు తప్పనిసరా? బూట్లు లేకపోతే?
రెండూ తప్పనిసరి కాదు. బట్టలు శుభ్రంగా, అభ్యంతరం లేకుండా, తడిసినా ఒళ్లు కనబడకుండా ఉంటే చాలు. సౌదీ రన్నర్ సారా అత్తార్ 2016 రియో ఒలింపిక్ మారథాన్‌ను తల కప్పుకునే పరిగెత్తింది. ఒట్టికాళ్లతో పరిగెత్తడానికీ రూలు ఒప్పుకుంటుంది. బూటు వేస్తే మాత్రం రోడ్డు రేసులో సోలు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదు.

మా అన్న బండి మీద పక్కనే వస్తే?
ఊళ్లో ప్రాక్టీసుకు బాగానే ఉంటుంది, రేసులో పనికిరాదు. పోటీలో లేనివాళ్లు పక్కన వచ్చి వేగం చూపిస్తే అది బయటి సాయం కిందికి వస్తుంది. మొదట హెచ్చరిస్తారు, మళ్లీ జరిగితే తప్పిస్తారు. ఫోను, చెవిలో పాటలు కూడా కుదరవు.

నీళ్ల సంగతేమిటి?
10 కిలోమీటర్లు దాటిన రేసుల్లో సుమారు 5 కిలోమీటర్లకొక స్టేషను ఉండాలి. 10 కిలోమీటర్లలోపు పరుగుల్లోనూ ఎండ ఉంటే 2–3 కిలోమీటర్లకొకచోట నీళ్లు పెట్టాలి. మార్చి దాటితే పొద్దున ఎనిమిదికే ఎండ చురుక్కుమనే మన జిల్లాల్లో నిర్వాహకులను ముందే అడగాల్సింది ఇదే. దారిలో ఎవరో అందించిన సీసా మాత్రం తీసుకోవద్దు, అధికారిక స్టేషన్లోనే తీసుకోవాలి. సొంత డ్రింకు కావాలంటే ముందే అప్పజెప్పాలి. రియోలో 2:47:19కి ఫినిష్ లైన్ దగ్గర కుప్పకూలిన భారత రన్నర్ ఓపీ జైషా, భారత్ టేబుళ్ల దగ్గర తనకు నీళ్లిచ్చేవారే లేరంది. సొంత డ్రింకులు వద్దన్నది ఆమె, ఆమె కోచే అని అథ్లెటిక్స్ ఫెడరేషన్ చెప్పింది. అందుకే కావాలో వద్దో రాతపూర్వకంగా ఇవ్వండి.

డాక్టరు ఆగమంటే ఆగాలా?
ఆగాలి, అందులో బేరం లేదు. డాక్టరు వచ్చి పరీక్ష చేసినంత మాత్రాన మాత్రం అది బయటి సాయం కాదు, పరుగు కొనసాగించమంటే కొనసాగించొచ్చు. వేడి ముందు పంతం పనికిరాదు: 2019 దోహా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో వేడికి భయపడి మహిళల మారథాన్‌ను అర్ధరాత్రి మొదలుపెట్టారు. అయినా 68 మందిలో 28 మంది పూర్తిచేయలేకపోయారు.

డోప్ టెస్టులో మన హక్కులేమిటి?
మూత్రం నమూనా ఇచ్చేటప్పుడు ఎదురుగా ఉండేది మహిళే అయి ఉండాలి. తోడుగా మనిషిని పెట్టుకోవచ్చు. ఫలితం తేడాగా వస్తే బీ నమూనా పరీక్ష అడగొచ్చు. కానీ ఒంట్లోకి ఏది వెళ్లినా బాధ్యత మీదే. దగ్గు మందైనా, జిమ్‌లో ఇచ్చిన పొడి అయినా ‘తెలియదు’ అన్న మాటతో తప్పు పోదు.

జన్యు పరీక్ష అందరికీ ఉంటుందా?
2025 సెప్టెంబరు 1 నుంచి ప్రపంచ ఛాంపియన్‌షిప్ లాంటి ర్యాంకింగ్ పోటీల మహిళల విభాగానికి ఎస్ఆర్‌వై అనే జన్యువు ఉందో లేదో చూసే పరీక్ష పెట్టారు. చెంప లోపలి నుంచి తీసిన నమూనా గానీ, రక్తం గానీ ఇస్తే సరిపోతుంది, అదీ జీవితంలో ఒక్కసారే. దాని పేరు చెప్పి ఒళ్లు చూడాలంటే ఒప్పుకోనక్కర్లేదు.

కోచ్ గానీ నిర్వాహకుడు గానీ అసభ్యంగా ప్రవర్తిస్తే?
పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం స్టేడియం, పోటీ జరిగే చోటు కూడా పనిచేసే చోటే. సంస్థలో అంతర్గత కమిటీ లేకపోతే జిల్లా స్థానిక కమిటీకి, ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే మరో మూడు నెలలు గడువు ఇస్తారు. 18 ఏళ్లలోపు అమ్మాయి అయితే పోక్సో చట్టం వర్తిస్తుంది. 181, 112, పిల్లలకైతే 1098కి ఫోన్ చేయొచ్చు.

ఫలితం తప్పనిపిస్తే?
అధికారికంగా ప్రకటించిన 30 నిమిషాల్లోగా రెఫరీకి నోటిమాటగా చెప్పాలి. ఆయన నిర్ణయం నచ్చకపోతే మరో 30 నిమిషాల్లో అప్పీల్ జ్యూరీకి రాసివ్వాలి, దానికి డిపాజిట్ కట్టాలి. పరిగెత్తి అలసిన మీరే వెళ్లక్కర్లేదు, మీ తరఫున కోచైనా అడగొచ్చు. ఆ గడువు సంగతి తోడు వచ్చినవాళ్లకు ముందురోజే చెప్పి ఉంచండి.