కాలాతిక్రమం, కర్మదోషం: వేతనహాని నుండి జరిమానా నిబంధన వరకు

ప్రస్తావన

ఒకరు పని అప్పగించడం, మరొకరు దానిని ఇంత కాలంలో, ఇంత వేతనానికి, ఈ విధంగా చేసిపెడతానని ఒప్పుకోవడం వ్యవహారానికి మూలం. ఒప్పుకొన్న పని గడువు దాటినా, దోషయుక్తమైనా ఏమి చేయాలన్న ప్రశ్న ఆ ఒప్పందంతోపాటే పుడుతుంది. నేటి నిర్మాణ ఒడంబడికలలో దీనికి సమాధానం జరిమానా నిబంధన. గడువు మీరిన ప్రతి వారానికి ఇంత శాతం చొప్పున కాంట్రాక్టరు బిల్లులో కోత పడుతుంది. ఈ నిబంధన పాశ్చాత్య న్యాయవ్యవస్థతోనే మన దేశానికి వచ్చిందన్న అభిప్రాయం సాధారణం. అది సమగ్రం కాదని స్మృతులు, అర్థశాస్త్రం తెలుపుతున్నాయి.

ఈ విచారణకు పశ్చిమ ప్రకాశం తగిన క్షేత్రం. చంద్రశేఖరపురం, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు వాననే నమ్ముకొన్న మెట్టభూములు. కనిగిరి పరిసరాలలో భూగర్భజలం ఫ్లోరైడు దోషంతో కూడినది. ఇటువంటి చోట నీటి పని ఆలస్యమైతే ఆ నష్టం ఒప్పందం చేసుకొన్న ఇరుపక్షాల మధ్యనే ఆగదు. ప్రాచీన, ఆధునిక న్యాయాలు జరిమానాను ఏ హద్దులలో ఉంచాయి, ఆ హద్దుల వెలుపల ఎవరు మిగిలిపోయారు అన్నవి ఈ వ్యాసంలోని రెండు ప్రశ్నలు.

స్మృతులలో వేతన వివాదం

మనువు చెప్పిన పద్దెనిమిది వ్యవహారపదాలలో వేతనాదానం ఒకటి. నారదుడు దీనినే వేతనస్యానపాకర్మ అన్నాడు. రోగం లేకుండా, దర్పంచేత ఒప్పుకొన్న పని చేయని భృత్యునికి మనువు ఎనిమిది కృష్ణలాలు దండం విధించి, వేతనం ఇవ్వనక్కరలేదన్నాడు. అయితే వెనువెంటనే మినహాయింపునూ చెప్పాడు. రోగంతో పని మానినవాడు స్వస్థుడై, మొదట చెప్పినట్లు పని పూర్తిచేస్తే, ఎంత దీర్ఘకాలం గడిచినా వేతనానికి అర్హుడే. ఆలస్యం ఒక్కటే అపరాధం కాదనీ, దానికి కారణం చూడాలనీ దీని భావం.

యాజ్ఞవల్క్యుడు మరొక అడుగు వేశాడు. దేశకాలాలను అతిక్రమించినవాని వేతనం విషయంలో స్వామి ఇష్టమే ప్రమాణమన్నాడు. అధికంగా పని చేసినవానికి అధికంగా ఇవ్వాలని కూడా అక్కడే చెప్పాడు. మోసుకుపోయే సరకు పోగొట్టినవాడు దాని విలువ ఇచ్చుకోవాలి. రాజువల్ల, దైవంవల్ల కలిగిన నష్టానికి మాత్రం అతడు బాధ్యుడు కాడు. ప్రయాణారంభంలో పని వదిలితే వేతనంలో ఏడవ వంతు, దారిలో వదిలితే నాలుగవ వంతు, సగం దారిలో వదిలితే మొత్తం వేతనం చెల్లించాలి. పనివాడు వదలిన దశను బట్టి స్వామికి కలిగే ఇబ్బంది పెరుగుతుంది. దానితోపాటే చెల్లింపు కూడా పెరుగుతున్నది. నష్టానికి, జరిమానాకు అనుపాతం ఉండాలన్న సూత్రానికి ఇది స్పష్టమైన రూపం.

ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యను ఆధారం చేసుకొని, 13వ శతాబ్దిలో తిక్కన సమకాలికుడైన కేతన విజ్ఞానేశ్వరీయాన్ని తెలుగు పద్యాలలో రచించాడు. వ్యవహార ధర్మం తెలుగులోకి అంత పూర్వమే ప్రవేశించడం గమనార్హం.

కౌటిల్యుని కారుకరక్షణం

స్మృతులకంటె విశదమైన విధానం అర్థశాస్త్రంలో కనిపిస్తుంది. మూడవ అధికరణంలో వేతనం తీసుకొని పని చేయని భృత్యునికి పన్నెండు పణాల దండం, పని పూర్తయ్యేవరకు నిర్బంధం చెప్పాడు. అశక్తుడు, రోగి, ఆపదలో పడినవాడు, నీచమైన పని అప్పగింపబడినవాడు ఒప్పందాన్ని విడిచిపెట్టవచ్చు, లేదా వేరొకరిచేత చేయించవచ్చు. యజమాని కొంత పని చేయించి, మిగిలినదానిని చేయనీయకపోతే పని పూర్తిగా జరిగినట్లే భావించాలని కూడా విధించాడు. ఆటంకం పని చేయించుకొనేవానివల్ల కలిగితే భారం అతనిదే.

నాలుగవ అధికరణంలోని కారుకరక్షణంలో శిల్పులు, చేతిపనివారు దేశం, కాలం, కార్యం ముందుగా నిర్దేశించుకొని పని ఒప్పుకోవాలన్నాడు. గడువు దాటితే వేతనంలో నాలుగవ వంతు తగ్గుతుంది, దానికి రెట్టింపు దండం పడుతుంది. పని మరొక విధంగా చేస్తే వేతనం మొత్తం పోతుంది, దానికి రెట్టింపు దండం. ఇక్కడ ‘తత్’ అనే సర్వనామం తగ్గిన పాదాన్ని సూచిస్తుందా, వేతనాన్ని సూచిస్తుందా అన్నది విచార్యం. నూరు పణాల పనికి పాదమంటే ఇరవై ఐదు పణాలు. మొదటి అన్వయంలో దండం యాభై పణాలు, రెండవ అన్వయంలో అంతకు నాలుగు రెట్లు. కర్మదోషానికి మొత్తం వేతనాన్ని ప్రమాణం చేసిన శాస్త్రకారుడు, తక్కువ అపరాధమైన కాలాతిక్రమానికి పాదాన్నే ప్రమాణం చేశాడనుకోవడం ప్రకరణానికి అనుగుణంగా ఉంటుంది.

చాకళ్లకు చెప్పిన గడువులు ఈ దృష్టికి మంచి నిదర్శనం. తెల్లని వస్త్రాలకు తెలుపు స్థాయిని బట్టి ఒక్కొక్క రాత్రి పెంచుతూ, లేతరంగు వేయవలసినవాటికి ఐదు రాత్రులు, నీలికి ఆరు, లక్క, మంజిష్ఠ రంగులకు, శ్రమతో కూడిన మేలిరకాలకు ఏడు రాత్రులు గడువు విధించాడు. అటుపైన వేతనహాని. రంగు విషయంలో వివాదం వస్తే నమ్మదగిన నిపుణులు వేతనం నిర్ణయించాలన్నాడు. గడువు పని స్వభావాన్ని బట్టి ఉండాలనీ, దోషనిర్ణయం యజమాని నోటిమాటపై కాక నిపుణులపై ఆధారపడాలనీ ఇందులోని రెండు విషయాలు.

వేతనంలో కోత పని చేయించుకొన్నవానికి లాభించేది. దండం రాజుకు చేరేది. కౌటిల్యుడు ఈ రెండింటిని వేరుచేసి, రెండవదానిని ప్రజాపీడకులను అదుపుచేసే కంటకశోధనంలో ఉంచాడు. చెడిన పని యజమానికే కాక లోకానికీ హాని అన్న భావన ఈ విభజనలో ఉన్నది.

దోషం ఎవరిది: పోరుమామిళ్ల శాసనం

చంద్రశేఖరపురానికి పడమట వెలిగొండలు దాటితే కడప జిల్లాలోని పోరుమామిళ్ల వస్తుంది. అక్కడి చెరువు శాసనం శకవర్షం 1291, అనగా క్రీ.శ. 1369 నాటిది. బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు ఈ చెరువును కట్టించాడు. వేయిమంది కూలీలు, నూరు బండ్లు, రెండేండ్ల కాలం దీనికి పట్టినట్లు సంస్కృత శాసనం తెలుపుతున్నది. తటాకానికి ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అందులో పేర్కొన్నారు. కట్టనుండి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం ఆ దోషాలు.

వీటిలో కట్ట ఊరడం ఒక్కటే పనివాని చేతికి సంబంధించినది కావచ్చు. తక్కిన ఐదూ స్థలాన్ని ఎంచినవానివి, ప్రణాళిక వేసినవానివి. కర్మదోషానికి జరిమానా విధించేముందు అది చేతిలోని దోషమా, ఆలోచనలోని దోషమా అని విభజించుకోవాలన్న వివేకం ఈ జాబితానుండి గ్రహించవచ్చు. రూపకల్పన, సామగ్రి, నిర్మాణం మూడింటిని ఒకరికే అప్పగించే నేటి ఇ.పి.సి. పద్ధతిలో రూపకల్పనలోని దోషం కూడా కాంట్రాక్టరు బాధ్యతలోకి వస్తుంది. స్థలాన్ని అప్పగించే బాధ్యత మాత్రం ప్రభుత్వానిదే.

1872 చట్టం, న్యాయస్థానాల వ్యాఖ్యానం

భారత కాంట్రాక్టు చట్టం 1872లో వచ్చింది. ఆంగ్లన్యాయం ముందే అంచనా వేసుకొన్న నష్టపరిహారాన్ని అంగీకరించి, భయపెట్టడానికి రాసుకొన్న జరిమానాను తిరస్కరిస్తుంది. 74వ సెక్షను ఈ భేదాన్ని తొలగించింది. ఒడంబడికలో ఎంత మొత్తం రాసుకొన్నా, అది గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సమంజసమైన పరిహారమే లభిస్తుంది. 1963లో ఫతేచంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని స్థిరపరచింది. సైన్యానికి బంగాళాదుంపలు, కోళ్లు, గుడ్లు, చేపలు సరఫరా చేసే ఒప్పందంలో ప్రభుత్వం స్వాధీనం చేసుకొన్న 18,500 రూపాయల ధరావతు విషయం మౌలాబక్ష్ కేసులో వచ్చింది. నష్టాన్ని నిరూపించే అవకాశం ఉండికూడా నిరూపించలేదు గనుక ఆ స్వాధీనం చెల్లదని న్యాయస్థానం తీర్పు చెప్పింది.

నష్టం లెక్కకట్టడం దుస్సాధ్యమైనప్పుడు ఏమి చేయాలన్నది 2003 నాటి ఓ.ఎన్.జి.సి. – సా పైప్స్ కేసు. గొట్టాల సరఫరాలో ఆలస్యానికి వారానికి ఒక శాతం, గరిష్ఠంగా పది శాతం కోత నిబంధన అందులో ఉన్నది. రోడ్డో వంతెనో సకాలంలో పూర్తికాకపోతే ప్రభుత్వానికి కలిగే నష్టాన్ని రూపాయలలో చూపడం అసాధ్యమనీ, అటువంటి చోట నిజాయితీతో ముందే వేసుకొన్న అంచనాను అంగీకరించవచ్చుననీ న్యాయస్థానం అన్నది. 2015లో కైలాస్‌నాథ్ కేసులో మాత్రం అసలు నష్టమే లేనిచోట 74వ సెక్షను వర్తించదని స్పష్టం చేసింది.

నిర్మాణ పనులకు మరింత సన్నిహితమైనది 1979 నాటి హింద్ కన్‌స్ట్రక్షన్ కేసు. అది ఆలండి నదిపై కాలువ వంతెన పనికి సంబంధించినది. ఒడంబడికలో ఆలస్యానికి జరిమానా, గడువు పొడిగింపు రెండూ ఉంటే, కాలమే ప్రాణమని రాసుకొన్నా ఆ మాటకు బలం తగ్గుతుందని అందులో తేలింది. ఒప్పందాన్ని ఎవరు ఉల్లంఘించారన్న వివాదంలో ఒక పక్షమే న్యాయమూర్తి కాకూడదని 1987లో రామేశ్వర రైస్ మిల్స్ కేసు చెప్పింది. కౌటిల్యుడు నిపుణులకు అప్పగించిన అధికారానికి ఇది నేటి రూపం.

వెలిగొండ: మూడవ పక్షం

పశ్చిమ ప్రకాశానికి కృష్ణాజలాలు తేవాలని ఉద్యమించిన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరిట వెలిగొండ ప్రాజెక్టు ఏర్పడింది. 1996లో శంకుస్థాపన జరిగింది. 2004 తరువాత జలయజ్ఞంలో భాగంగా పనులు సాగాయి. శ్రీశైలం ఆనకట్టకు ఎగువన కొల్లంవాగునుండి 43.5 టి.ఎం.సి. వరదనీటిని సుమారు 18.8 కిలోమీటర్ల రెండు సొరంగాల ద్వారా తరలించి, ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాలలో 4,47,300 ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు అందించడం ఉద్దేశం. మొదటి సొరంగం తవ్వకం 2021 జనవరిలో, రెండవది 2024 జనవరిలో ముగిశాయి. 2024 మార్చి 6న సొరంగాలను జాతికి అంకితం చేసేనాటికి జలాశయంలో మునిగే గ్రామాల పునరావాసం పూర్తికాలేదు.

ఇంతటి ఆలస్యాన్ని ఒక్కరికి ఆరోపించడం న్యాయదృష్టికి కుదరదు. నల్లమలలో అటవీ అనుమతులు, భూసేకరణ, పునరావాసం ప్రభుత్వం నెరవేర్చవలసినవి. యంత్రాల నిర్వహణ, పనివారి ఏర్పాటు కాంట్రాక్టరువి. కొండ గర్భంలో ఎదురయ్యే మెత్తని రాయి, నీటి ఊటలు యాజ్ఞవల్క్యుడు చెప్పిన దైవానికి దగ్గరివి. అందువల్లనే గడువు పొడిగించే ప్రతిసారీ అది జరిమానాతోనా, జరిమానా లేకుండానా అన్నది ప్రధాన ప్రశ్న అవుతుంది. కారణాల పట్టిక పనితోపాటే ఎప్పటికప్పుడు రాసి ఉంచకపోతే, ఏండ్లు గడచిన తరువాత మధ్యవర్తి ముందు ఏ పక్షమూ తన మాట నిలబెట్టుకోలేదు.

ఇరుపక్షాల లెక్క తేలినా, మూడవ పక్షం మిగిలే ఉంటుంది. చంద్రశేఖరపురం వంటి చోట బోరు ఎండిన రైతు, ఫ్లోరైడు నీరు తాగే కుటుంబం ఆ ఒడంబడికలో సంతకం చేసినవారు కారు. బిల్లులో కోసిన సొమ్ము ఖజానాకు చేరుతుందే తప్ప వారి గడపకు రాదు. సా పైప్స్ తీర్పు లెక్కకట్టలేనిదన్న నష్టం ఆచరణలో వీరు అనుభవించేదే.

ఉపసంహారం

జరిమానా నిబంధన మనకు కొత్తది కాదు. కారణాన్ని బట్టి మినహాయింపు, నష్టానికి తగిన పరిమాణం, నిష్పాక్షిక నిర్ణయం అన్న మూడు హద్దులు స్మృతులలో, అర్థశాస్త్రంలో, నేటి తీర్పులలో సమానంగా కనిపిస్తున్నాయి. 74వ సెక్షను జరిమానాను పరిహారంగా మార్చి, బలవంతుడైన యజమానినుండి పనివానిని కాపాడింది. కౌటిల్యుడు వేరుగా నిలిపిన లోకహాని అన్న అంశానికి మాత్రం అందులో చోటు చిక్కలేదు. ప్రజాధనంతో సాగే నీటి పనులలో కోసిన జరిమానాలో కొంత భాగాన్ని, ఆలస్యమైనంత కాలం ఆయకట్టు గ్రామాల తాగునీటికి కేటాయించే నిబంధనను ఒడంబడికలోనే చేర్చవచ్చు. ఆలస్యం ప్రభుత్వం వల్ల జరిగితే అదే బాధ్యతను ప్రభుత్వమే వహించాలి. యజమాని కలిగించిన ఆటంకానికి యజమానినే బాధ్యుని చేసిన శాస్త్రం దీనికి విరుద్ధం కాదు.