రహదారి భద్రత – ప్రజాధనం

ఉద్దేశం

రహదారి భద్రత కోసం ప్రభుత్వాలు వెచ్చించే ధనం ఎక్కడి నుండి వస్తుంది, ఏ నియమాలకు లోబడి ఖర్చవుతుంది, దాని ఫలితాన్ని ఎలా కొలవాలి అనే విషయాలను దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ ప్రాంతాల ఆధారంగా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

హైదరాబాదు నగరానికి తూర్పు వాకిలి ఎల్.బి. నగర్. మాజీ ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి పేరును ధరించిన ఈ ప్రాంత పరిసరాలలో విజయవాడ జాతీయ రహదారి, నాగార్జునసాగర్ రహదారి, ఇన్నర్ రింగు రోడ్డు కలుసుకుంటాయి. అక్కడి నుండి మలక్‌పేట వైపు సాగితే దిల్‌సుఖ్‌నగర్ వస్తుంది. కళాశాలలు, శిక్షణా కేంద్రాలు, వసతి గృహాలు, దుకాణాలు, బస్సు డిపో ఒకే దారి వెంట ఒదిగి ఉన్న చోటు అది.

ఉదయం వేళ పుస్తకాల సంచి భుజాన వేసుకొని ఒక విద్యార్థిని ఆ దారి దాటవలసి ఉంటుంది. ఒకవైపు నుండి బస్సు, మరొకవైపు నుండి ద్విచక్ర వాహనం దూసుకువస్తాయి. ఆమె నిలబడడానికి కాలిబాట ఉన్నదా? దాటడానికి చారల గీతలు, సిగ్నల్ దీపం ఉన్నాయా? ఈ వసతులు వాటంతట అవి సమకూరవు. ఎవరో ఒకరు ధనం కేటాయించాలి. మరొకరు దానిని సక్రమంగా ఖర్చు చేయాలి.

మన దేశంలో 2022లో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది మరణించారు. మృతులలో సుమారు 44 శాతం ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారు. దాదాపు అయిదవ వంతు పాదచారులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 5 నుండి 29 ఏళ్ల వయసు వారి మరణాలకు ప్రథమ కారణం రోడ్డు ప్రమాదమే. అంటే ఇది ప్రధానంగా యువతకు కలుగుతున్న ప్రాణాపాయం.

ఎల్.బి. నగర్ రద్దీని తగ్గించడానికి హైదరాబాదు మహానగర పాలక సంస్థ వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి పథకాన్ని చేపట్టింది. 2018లో చింతలకుంట అండర్‌పాసు, కామినేని కూడలి వద్ద ఒక వంతెన ప్రారంభమయ్యాయి. ఎల్.బి. నగర్ కూడలిలో ఎడమవైపు వంతెన 2019లో, కుడివైపు వంతెన 2023లో అందుబాటులోకి వచ్చాయి. ఈ పథకం కోసం 2018లో పాలక సంస్థ బాండ్ల ద్వారా తొలి విడతగా 200 కోట్ల రూపాయలు సేకరించింది. బాండు అంటే అప్పు. వడ్డీతో తిరిగి చెల్లించవలసినది.

వంతెనల వలన వాహనాల నిరీక్షణ తగ్గింది. అయితే నిరీక్షణ తగ్గడం, ప్రమాదం తగ్గడం ఒకటి కావు. వాహనాల సగటు వేగం 1 శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. వంతెన వాహనానికి దారి చూపుతుంది. వంతెన కింద నడిచే మనిషికి వేరుగా దారి చూపవలసి ఉంటుంది. ఆ పనికి కావలసిన ధనం వంతెన ఖర్చుతో పోల్చితే స్వల్పమే.

భద్రతా కార్యక్రమాలకు ముఖ్యంగా కావలసినది అప్పు కాదు, గ్రాంటు. గ్రాంటును తిరిగి చెల్లించనక్కరలేదు. కాని అది నిబంధనలతో కూడినది. దాని మూలం కూడా ప్రజలే. 2000 నాటి కేంద్ర రహదారి నిధి చట్టం ప్రకారం పెట్రోలు, డీజిలుపై విధించే సెస్సు నుండి రాష్ట్రాలకు రహదారుల కోసం వాటా లభిస్తుంది. కోయంబత్తూరుకు చెందిన ఎముకల వైద్యుడు డాక్టర్ ఎస్. రాజశేఖరన్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2017 నవంబరు 30న ప్రతి రాష్ట్రమూ రహదారి భద్రతా నిధిని ఏర్పాటు చేయాలని, అపరాధ రుసుములలో కొంత భాగాన్ని దానికి మళ్లించాలని ఆదేశించింది. ఆసుపత్రిలో క్షతగాత్రులను చూసిన వైద్యుడే న్యాయస్థానం తలుపు తట్టడం గమనింపదగిన విషయం.

ఈ నిధులు నాలుగు మార్గాలలో ఖర్చు కావాలి. మొదటిది రహదారి నిర్మాణ లోపాలను సరిదిద్దడం. జాతీయ రహదారిపై సుమారు 500 మీటర్ల పరిధిలో మూడేళ్లలో మరణం గాని తీవ్రగాయం గాని కలిగించిన ప్రమాదాలు 5 జరిగినా, 10 మంది మరణించినా ఆ చోటును ‘బ్లాక్ స్పాట్’గా గుర్తిస్తారు. రెండవది చట్టాల అమలు. మూడవది ప్రజలకు శిక్షణ. నాలుగవది అత్యవసర వైద్యం. హైదరాబాదులో 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 సేవ ఈ నాలుగవ మార్గానికి చక్కని ఉదాహరణ. క్షతగాత్రులను ఆసుపత్రికి చేర్చే పరోపకారులకు 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం రక్షణ కల్పించింది. ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల నగదురహిత వైద్యం అందించే పథకాన్ని కేంద్రం 2025లో ప్రకటించింది.

గ్రాంటు పొందిన సంస్థ చివరకు వినియోగ ధ్రువపత్రం సమర్పిస్తుంది. ధనం ఖర్చయినదని ఆ పత్రం చెబుతుంది. ప్రాణం నిలిచినదని చెప్పదు. గోడపత్రికలు అంటించి, సభ జరిపి, లెక్క ముగించవచ్చు. మరుసటి ఏడు అదే మలుపులో అదే ప్రమాదం జరిగితే ఆ ఖర్చుకు అర్థమేమిటి? అందువలన సాధించిన ప్రగతిని బట్టి రాష్ట్రాలకు నిధులు విడుదల చేసే పద్ధతి వైపు కేంద్రం అడుగు వేసింది. ఇందుకు 2022లో ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణం మంజూరు చేసింది.

శిరస్త్రాణం ధరించడం, సిగ్నలును గౌరవించడం పౌరుల బాధ్యత. నడవడానికి బాట, దాటడానికి చోటు కల్పించడం ప్రభుత్వ బాధ్యత. దిల్‌సుఖ్‌నగర్‌లో దారి దాటిన విద్యార్థిని సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరిన నాడే ప్రజాధనం సార్థకమైనట్లు.

అర్థాలు

పాదచారి = కాలినడకన వెళ్లేవాడు
క్షతగాత్రుడు = గాయపడినవాడు
వ్యాజ్యం = దావా
శిరస్త్రాణం = హెల్మెట్
సార్థకం = ప్రయోజనం నెరవేరినది

సంధులు

ప్రాణాపాయం = ప్రాణ + అపాయం (సవర్ణదీర్ఘ సంధి)
పరోపకారం = పర + ఉపకారం (గుణ సంధి)

ప్రశ్నలు

1. బాండుకు, గ్రాంటుకు గల భేదాన్ని వివరించండి.
2. రహదారి భద్రతా నిధులు ఏ నాలుగు మార్గాలలో ఖర్చు కావాలి?
3. ‘నిరీక్షణ తగ్గడం, ప్రమాదం తగ్గడం ఒకటి కావు’ – చర్చించండి.
4. మీ కళాశాల ఎదుట దారి దాటడానికి గల వసతులను పరిశీలించి, అవసరమైన మార్పులను కోరుతూ అధికారులకు లేఖ రాయండి.