క్లౌడ్‌లో ఉంది కదా, ఇక పోదనుకుంటే...



పోయిన పేరెంట్ మీటింగ్ రోజు తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్ల నాన్నగారు నన్నొక మాట అడిగారు. ఆయనకు మందుల ఏజెన్సీ ఉంది. "మిస్, మా బిల్లింగ్ అంతా ఈ మధ్యే క్లౌడ్ సర్వర్‌కి మార్చేశాం. ఇక డేటా పోతుందన్న భయం లేదు కదా?" అన్నారు. వెనక చాలామంది వరుసలో ఉన్నారు. "సర్, దీనికి ఒక్క మాటలో జవాబు లేదు, ఈ నెల న్యూస్‌లెటర్‌లో వివరంగా రాస్తాను" అని చెప్పాను. ఆ మాట ప్రకారం రాస్తున్నదే ఇది. మీకు షాపు, క్లినిక్, ఆఫీసు లేకపోయినా చివరి దాకా చదవండి. మీ ఫోన్‌లో ఉన్న మీ పిల్లల ఫోటోలకూ ఈ పాఠమే వర్తిస్తుంది.

వర్చువల్ మెషీన్ అంటే ఏమిటి?

ఒక అపార్ట్‌మెంట్‌ను ఊహించుకోండి. స్థలం ఒకటే, పునాది ఒకటే, బోరు ఒకటే. కానీ లోపల ఇరవై ఫ్లాట్లు. ఎవరి తాళం వారిది, ఎవరి వంటగది వారిది. డేటా సెంటర్‌లో ఉండే పెద్ద కంప్యూటర్‌ను కూడా హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ ఇలాగే భాగాలు చేస్తుంది. ఒక్కో భాగం విడి కంప్యూటర్‌లా పనిచేస్తుంది. దాన్నే వర్చువల్ మెషీన్ అంటాం. దానికి తనదైన విండోస్ లేదా లినక్స్ ఉంటుంది, తనదైన డిస్క్ ఉంటుంది. మనం ఇంటర్నెట్ ద్వారా వాడుకుంటూ అద్దె కడతాం.

అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్ ఉంటాడు, లిఫ్టుకు మరమ్మతులు అసోసియేషన్ చేయిస్తుంది. కానీ మీ బీరువాలో పత్రాలు మీరే పారేసుకుంటే అసోసియేషన్ ఏం చేస్తుంది? క్లౌడ్ కంపెనీలు కూడా ఒప్పందంలోనే ఈ విభజన చెబుతాయి. భవనం, కరెంటు, యంత్రాలు వాళ్ల బాధ్యత. లోపల మనం పెట్టుకున్న డేటా, దాని బ్యాకప్ మన బాధ్యత. చాలామంది గమనించనిది ఇదే.

మా కంప్యూటర్ క్లబ్‌లో జరిగింది

సైన్స్ ఎగ్జిబిషన్ కోసం మా తొమ్మిదో తరగతి పిల్లలు ఆరుగురు ఒక క్విజ్ వెబ్‌సైట్ తయారుచేశారు. దాన్ని చిన్న వర్చువల్ మెషీన్ మీద నడిపాం. దానికి రెండు డిస్కులు. ఒకదాంట్లో లినక్స్, వెబ్‌సైట్ ప్రోగ్రాం. రెండో దాంట్లో పిల్లలు మూడు వారాలు కూర్చుని రాసిన నాలుగు వందలకు పైగా ప్రశ్నలు. రోజూ రాత్రి బ్యాకప్ జరిగేలా నేనే సెట్ చేశాను. పొద్దున్నే చూస్తే ఆకుపచ్చ టిక్ కనిపించేది. నిశ్చింతగా ఉండేదాన్ని.

ఎగ్జిబిషన్‌కు నాలుగు రోజుల ముందు ఒక అబ్బాయి రెండు విండోలు తెరిచి పనిచేస్తున్నాడు. ఒకటి ప్రాక్టీసు మెషీన్, ఇంకొకటి అసలు మెషీన్. ప్రాక్టీసు దాంట్లో పాత ఫైళ్లు తుడిచేద్దామని కమాండ్ కొట్టాడు. కొట్టింది అసలు దాంట్లో. ప్రశ్నలన్నీ పోయాయి. పిల్లాడి ముఖం తెల్లబోయింది. "ఏం కాదు నాన్నా, బ్యాకప్ ఉంది" అన్నాను ధీమాగా.

బ్యాకప్ నుంచి కొత్త మెషీన్ లేపాను. లేచింది. వెబ్‌సైట్ మొదటి పేజీ వచ్చింది. ప్రశ్నల జాబితా తెరిస్తే ఖాళీ. అప్పుడు సెట్టింగులు చూస్తే తెలిసింది: ఖర్చు తగ్గుతుందని నేను మొదటి డిస్కుకు మాత్రమే బ్యాకప్ పెట్టాను. ప్రశ్నలున్న రెండో డిస్కు ఆ లెక్కలోనే లేదు. ఆ ఆకుపచ్చ టిక్ అబద్ధం చెప్పలేదు. నేను చెప్పిన పని అది సరిగ్గానే చేసింది. నేను చెప్పిందే తప్పు.

పిల్లలకు క్షమాపణ చెప్పాను. అదృష్టవశాత్తూ ఒక అమ్మాయి సగానికి పైగా ప్రశ్నలు లాంగ్ నోట్‌బుక్‌లో రాసిపెట్టుకుంది. నాలుగు రోజులు లంచ్ టైంలో కూర్చుని మిగతావి మళ్లీ రాశారు. ఆ మూడు వారాల్లో ఒక్కసారైనా బ్యాకప్‌ను తెరిచి చూసి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. తెరిచి చూడటానికి పట్టేది అరగంట.

పెద్ద కంపెనీలకూ ఇదే జరిగింది

ఇది కొత్త టీచర్లకు మాత్రమే జరిగే పొరపాటు కాదు. ప్రపంచమంతా ప్రోగ్రామర్లు వాడే గిట్‌ల్యాబ్ అనే వెబ్‌సైట్‌లో 2017 జనవరి 31న అచ్చం ఇలాంటిదే జరిగింది. రాత్రి పొద్దుపోయాక ఒక ఇంజనీరు రెండో సర్వర్‌లో తుడవాల్సింది అసలు సర్వర్‌లో తుడిచేశాడు. ఒకటి రెండు సెకన్లలోనే గ్రహించి ఆపాడు. అప్పటికే దాదాపు 300 జీబీ డేటాలో నాలుగున్నర జీబీ మాత్రమే మిగిలింది.

బ్యాకప్‌ల కోసం వెతికితే ఒక్కొక్కటిగా నిజాలు బయటపడ్డాయి. రోజూ జరగాల్సిన డేటాబేస్ బ్యాకప్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ తేడా వల్ల ఎప్పటినుంచో విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు ఎవరికీ చేరలేదు. వాళ్ల సర్వర్లు నడుస్తున్న క్లౌడ్‌లో డిస్క్ స్నాప్‌షాట్ సదుపాయం ఉంది, కానీ డేటాబేస్ సర్వర్లకు దాన్ని ఆన్ చేయలేదు. చివరికి వాళ్లను కాపాడింది ఒక యాదృచ్ఛిక సంఘటన. ఆరు గంటల ముందు ఒక ఇంజనీరు వేరే పని కోసం చేత్తో ఒక స్నాప్‌షాట్ తీసి ఉంచాడు. దాన్ని తిరిగి కాపీ చేసి సైట్ నిలబెట్టడానికి మర్నాటి దాకా పట్టింది. ఆ మధ్య ఆరు గంటల్లో చేరిన మార్పులు, సుమారు 5,000 ప్రాజెక్టుల సమాచారం, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు పోయాయి.

ఇందులో నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఆ కంపెనీ ఆ ఇంజనీరు పేరు పెట్టి నిందించలేదు. ఏయే ఏర్పాట్లు పనిచేయలేదో ఒక్కొక్కటిగా రాసి అందరికీ కనిపించేలా ప్రచురించింది. మా క్లబ్ అబ్బాయికి ఇది చదివి వినిపించాను. ఒక్కడి చెయ్యి జారితే అంతా పోయేలా ఉందంటే, ముందు ఆ ఏర్పాటును సరిచేయాలి. ఇంట్లో కూడా పిల్లల చేతిలో ఫైలు పోతే, దయచేసి తిట్టే ముందు ఇది గుర్తుచేసుకోండి.

స్నాప్‌షాట్ వేరు, బ్యాకప్ వేరు

స్నాప్‌షాట్ అంటే ఒక క్షణంలో డిస్క్ ఎలా ఉందో దాని నకలు. త్వరగా అవుతుంది. మొదటిసారి మొత్తం డిస్క్, తర్వాత మారిన భాగాలు మాత్రమే నిల్వ చేసే పద్ధతి ఎక్కువగా వాడతారు. అందుకే ఖర్చూ తక్కువ. కానీ రెండు జాగ్రత్తలు కావాలి.

మొదటిది, బిల్లింగ్ జరుగుతున్నప్పుడే స్నాప్‌షాట్ తీస్తే సగం రాసిన పేజీని జిరాక్స్ తీసినట్టు ఉండొచ్చు. డేటాబేస్ ఒక్క క్షణం రాత ఆపి, స్థిమితపడ్డాక తీసే పద్ధతి ఉంది. మీ సర్వర్ చూసేవారిని అది ఆన్ చేశారా అని అడగండి.

రెండోది, నకలు ఎక్కడ ఉంది? 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి అగ్నిప్రమాదంలో పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్ కూడా అక్కడే ఉంచుకున్నవారికి అసలూ పోయింది, నకలూ పోయింది. రస్ట్ అనే ఆన్‌లైన్ ఆటను ఆడే పిల్లలు మీ ఇంట్లో ఉండొచ్చు. ఆ ఆట యూరప్ సర్వర్లు పాతిక ఆ మంటల్లో పోయాయి. వాటిలోని డేటా తిరిగి రాలేదు.

మనకు ఇప్పుడు దూరపు కాపీ పెట్టుకోవడం కష్టం కాదు. అమెజాన్ క్లౌడ్ డేటా సెంటర్లు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి ఉన్నాయి. మైక్రోసాఫ్ట్‌కు పుణె, చెన్నైలలో ఉన్నాయి. సర్వర్ హైదరాబాద్‌లో ఉంటే ఒక కాపీ ముంబైకి వెళ్లేలా పెట్టుకోవచ్చు. పాత కాలం నుంచి చెప్పే సూత్రం ఒకటుంది: మూడు కాపీలు, రెండు రకాల నిల్వ, ఒకటి వేరే ఊళ్లో.

తాళం చెవి కూడా వేరుగా ఉండాలి

2024 మే నెలలో ఆస్ట్రేలియాలోని యూనిసూపర్ అనే పెన్షన్ ఫండ్‌కు వింత అనుభవం ఎదురైంది. గూగుల్ క్లౌడ్‌లో వాళ్ల ప్రైవేట్ క్లౌడ్‌ను మొదట ఏర్పాటు చేసినప్పుడు గూగుల్ వైపు ఒక గడి ఖాళీగా వదిలేశారు. దానివల్ల ఏడాది గడువు తనంతట తానే పడింది. గడువు తీరగానే, ఏ హెచ్చరికా రాకుండా, మొత్తం తొలగిపోయింది. ఆరు లక్షలకు పైగా సభ్యులు దాదాపు వారం పాటు తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. అయినా డేటా తిరిగి వచ్చింది. ఎందుకంటే బ్యాకప్‌లను వాళ్లు విడిగా, వేరే నిల్వలో, వేరే సంస్థ సాఫ్ట్‌వేర్‌తో కూడా ఉంచుకున్నారు.

మీ సర్వర్, మీ బ్యాకప్ రెండూ ఒకే లాగిన్, ఒకే పాస్‌వర్డ్‌తో ఉంటే, ఆ పాస్‌వర్డ్ దొంగిలించినవాడు రెండూ తుడిచేయగలడు. బ్యాకప్‌కు వేరే లాగిన్ పెట్టించండి. డిలీట్ కొట్టినా కొన్నాళ్లు ఉంచే సదుపాయం ఉంటే దాన్ని ఆపించకండి. మైక్రోసాఫ్ట్ అజ్యూర్‌లో మామూలుగా అది 14 రోజులు ఉంటుంది.

మీ సర్వర్ చూసేవారిని అడగాల్సిన ప్రశ్నలు

1. ఎంత పని పోతే తట్టుకోగలం? రాత్రి 11 గంటలకు బ్యాకప్ అయ్యి, మర్నాడు సాయంత్రం 6 గంటలకు సర్వర్ పోతే, 19 గంటల బిల్లులు పోయినట్టే. అది ఎక్కువ అనిపిస్తే రోజుకు నాలుగైదు సార్లు తీయించాలి.

2. ఎంతసేపట్లో మళ్లీ లేవాలి? బ్యాకప్ ఉండటం ఒకటి, అది కాపీ అయ్యి పని మొదలవడానికి పట్టే సమయం ఇంకొకటి. ఈ లెక్క ఎంత వస్తుందో ఒకసారి చేసి చూస్తేనే తెలుస్తుంది.

3. అన్ని డిస్కులూ బ్యాకప్‌లో ఉన్నాయా? నేను అడగడం మరిచిపోయిన ప్రశ్న ఇదే.

4. చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు? అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. "బ్యాకప్ అవుతోంది సర్" అనే జవాబుతో సరిపెట్టుకోకండి. బ్యాకప్ నుంచి ఒక కొత్త మెషీన్ లేపించండి. అసలుదాని జోలికి పోకుండా పక్కన విడిగా లేపించాలి. అందులో నిన్నటి బిల్లు ఒకటి మీరే తెరిచి చూడండి. చూశాక ఆ మెషీన్ తీసేయించండి, లేకపోతే దానికీ అద్దె పడుతుంది. మూడు నెలలకోసారి చేస్తే చాలు.

ఈ నెల ఇంటి పని: పిల్లలతో కలిసి

సర్వర్ లేనివారికి కూడా ఒక పని ఇస్తున్నాను. ఆదివారం పావుగంట చాలు.

మీ అబ్బాయి లేదా అమ్మాయితో కూర్చుని, పోతే చాలా బాధపడే మూడు వస్తువులు ఎంచుకోమనండి. తాతగారి ఫోటో కావచ్చు, పదో తరగతి మెమో స్కాన్ కావచ్చు, ప్రాజెక్టు ఫైలు కావచ్చు. ఆ మూడింటినీ మీ ఫోన్ పక్కన పెట్టేసి, వేరే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో తెరవమనండి. తెరుచుకున్నవి ఎన్ని, తెరుచుకోనివి ఎన్ని అని కాగితం మీద రాయించండి.

ఒక్క సంగతి గమనించండి. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటోను ఆ యాప్‌లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లో నుంచి కూడా పోతుంది. ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది, ఆ తర్వాత ఉండదు. కాబట్టి ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో విడిగా ఉంచుకోండి.

ఆ కాగితాన్ని పిల్లల డైరీలో పెట్టి పంపండి, క్లాసులో మాట్లాడుకుంటాం. తెరుచుకోనివి ఎక్కువ ఉన్నా సిగ్గుపడక్కర్లేదు. ముందు నావే తెరుచుకోలేదు.

మా క్లబ్‌లో ఇప్పుడు ప్రతి నెలా మొదటి శనివారం బ్యాకప్ నుంచి మెషీన్ లేపి, ప్రశ్నలు లెక్కపెట్టే పని ఉంది. ఆ పని అడిగి మరీ తీసుకున్నది ఆ రోజు తప్పు విండోలో కమాండ్ కొట్టిన అబ్బాయే. పోయిన శనివారం లెక్క సరిపోయిందని బోర్డు మీద రాశాడు.