మిద్దె మీద కర్ర, నీడలో మన ఊరు



"తాతయ్యా, మన ఊరు ఎక్కడుందో ఫోనే చెబుతుంది కదా, ఈ టాంజెంటు పట్టికలు ఎందుకు?" అని ప్లస్ వన్ చదివే మా మనవరాలు అడిగింది. మార్చి 20న, పగలూ రాత్రీ సమానమయ్యే రోజు, ఆమెను మిద్దె మీదికి తీసుకుపోయాను.

ఆ రోజు సూర్యుడు భూమధ్యరేఖకు నేరుగా పైన ఉంటాడు. కాబట్టి నిలువు కర్ర మధ్యాహ్నపు నీడ మన అక్షాంశాన్ని చెబుతుంది. 100 సెంటీమీటర్ల కర్రకు 18.5 సెంటీమీటర్ల నీడ వచ్చింది. పట్టికలో 0.185కు దాదాపు 10.5 డిగ్రీలు. అంటే రాజపాళయం వెళ్ళి పళని పక్కన కూర్చుంది!

ఇద్దరం బాగా నవ్వుకున్నాం. తప్పెక్కడో నేను చెప్పలేదు. తనే దారానికి రాయి కట్టి వేలాడదీసి, కర్ర కొస దాదాపు 2 సెంటీమీటర్లు ఉత్తరానికి ఒరిగిందని పట్టుకుంది. అది తీసేస్తే 16.5, అంటే 9.4 డిగ్రీలు. అసలు విలువ 9.45. ఒక్క సెంటీమీటరు తప్పితే ఊరు 60 కిలోమీటర్లు జరుగుతుందని ఆమెకు ఇక వేరే చెప్పనక్కరలేదు. ఫోను తప్పు చెబితే ఏ కర్ర ఒరిగిందని వెదుకుతాం?

రేఖాంశానికి గడియారం కావాలి. మధ్యాహ్నం దగ్గర నీడ పొడవు చాలాసేపు మారినట్టే కనబడదు. అందుకని 11.30కి పడిన నీడ పొడవును గుర్తుపెట్టి, అంతే నీడ మళ్ళీ 1.24కు పడిందని చూశాం. రెంటికీ మధ్య 12.27. మార్చి 20 ప్రాంతంలో సూర్యుడు గడియారం కంటే 7 నిమిషాలు వెనక నడుస్తాడు. అవి తీసేస్తే 20 నిమిషాలు. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 5 డిగ్రీలు. మన దేశ సమయం కాకినాడకు కొద్దిగా తూర్పుగా పోయే 82.5 డిగ్రీల రేఖది. అందులో 5 పోతే 77.5. రాజపాళయమే!

నావికులు సెక్స్‌టెంటుతో చేసేదీ ఈ లెక్కే, కొలిచేది మాత్రం నీడను కాదు, సూర్యుడి ఎత్తును. అమెరికా నౌకాదళ అకాడమీ 1990ల చివర ఈ పాఠం మానేసి, 2015లో మళ్ళీ మొదలుపెట్టింది. మన నౌకాదళ మాజీ అధికారి అభిలాష్ టామీ, జీపీఎస్ వాడకూడదని నియమమున్న గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఒంటరిగా భూమి చుట్టి, 2023 ఏప్రిల్‌లో రెండో స్థానంలో చేరారు.

సెప్టెంబరు 23న మీరూ చేసి చూడండి. అప్పుడు సూర్యుడు 7 నిమిషాలు ముందుంటాడు, కాబట్టి మన ఊళ్ళో 12.12 ప్రాంతంలో నీడ అతి పొట్టిగా ఉంటుంది. కర్రకు ముందే దారం కట్టుకోండి.