క్రొత్త టైర్లు వేసిన పిదప కారు దారి తప్పుట: ఒక పరిశోధన పాఠము

క్రొత్త టైర్లు వేయించిన పిదప కారు మునుపటికంటె చక్కగా నడువవలెనని ఎవరైనను తలంతురు. వేలకొలది రూపాయలు వెచ్చించి దుకాణము వెలుపలికి వచ్చినవానికి, నాలుగు కిలోమీటర్లు పోకమునుపే స్టీరింగు చేతిలో నిలువక, బండి ఒక ప్రక్కకు లాగుచు, నీటిమీద తేలుచున్నట్లు తోచినచో ఎంత దిగులు కలుగునో చెప్పనక్కరలేదు. ఇట్టి సందర్భమున ఏమి చేయవలెనో మన పై తరగతుల విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలియుట మంచిదని యెంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. ఇందు యంత్రశాస్త్రము కొంచెమే. కారణమును వెదకు పద్ధతి యెక్కువ.

మొయినాబాదునుండి చేవెళ్లకు పోవు బాట మనలో అనేకులకు నిత్యము తెలిసినదే. హైదరాబాదునుండి బిజాపురమునకు పోవు ఆ రాజమార్గమున కిరుప్రక్కల దాదాపు 900 మర్రిచెట్లు పందిరివేసినట్లు నిలిచియుండుటయు, బాటను విస్తరింపవలెనా చెట్లను నిలుపవలెనా యను తగవు చాలకాలము న్యాయస్థానములలో నడచుటయు అందరెరిగినవే. అట్టి బాటమీద కారు ఒక జానెడు తనంతట తాను ప్రక్కకు జరిగినను, ఎదుట లారీయో, ప్రక్కన మర్రిమ్రానో యుండును. 2025 నవంబరు 3వ తేదీన చేవెళ్ల మండలములోని మీర్జాగూడ చెంత కంకర టిప్పరును ఆర్టీసీ బస్సును ఢీకొని పలువురు మరణించిన సంగతి మన ప్రాంతమున మరచినవారు లేరు. ఆ దుర్ఘటనకు టైర్లతో సంబంధమున్నదని మేము చెప్పుటలేదు. ఈ బాటమీద బండి చెప్పినట్లు వినుట యెంత యవసరమో జ్ఞాపకము చేయుచున్నాము, అంతే.

మా విద్యార్థిని యొకతె తండ్రి తన కారునకు నాలుగు క్రొత్త టైర్లు వేయించెను. ఆయన ప్రతిదినము తన బిడ్డను, పొరుగువారి పిల్ల లిద్దరిని ఆ కారులోనే బడికి తెచ్చును. టైర్లు మార్చిననాటినుండి బండి యెడమకు లాగుచుండెను. కొంచెము వేగము హెచ్చిన స్టీరింగు వదులుగా తేలుచుండెను. దుకాణమువారు చక్రముల అలైన్‌మెంటు చెడినదని చెప్పి డబ్బు తీసికొని సరిచేసిరి. గుణము కనబడలేదు. మరల చేసిరి, మరల డబ్బు పోయెను. మూడవసారి క్రింది భాగములన్నియు మార్చవలెననిరి. ఆయన మాయొద్దకు వచ్చి, "సారూ, టైర్లు కొత్తవే కదా, వాటికేమైతది? బండే చెడిపోయినట్టున్నది, అమ్మేద్దామనుకుంటున్న" అనెను. "అయ్యా, రెండు దినములు ఓపిక పట్టుడు. మన పిల్లలచేతనే చూపింతము" అని మేము చెప్పితిమి. ఆ శనివారము తొమ్మిదవ తరగతివారికి బల్లలమీది పాఠము లేకపోయెను.

పరిశోధనకు మొదటి నియమము: ఒక్కసారి ఒక్కదానినే మార్చవలెను. గాలి, అలైన్‌మెంటు, చక్రముల స్థానము ఈ మూడును ఒకేనాడు మార్చి, బండి బాగుపడిన, దేనివలన బాగుపడెనో బ్రహ్మకైనను తెలియదు. ఖర్చులేనిదానిని ముందు చూచి, ఖర్చైనదానిని చివరకు చూడవలెననునది రెండవది. దుకాణములో సాధారణముగా దీనికి విరుద్ధముగా జరుగును.

కావున మేము గాలితో మొదలుపెట్టితిమి. టైరులో గాలి యెంతయుండవలెనో కారు చేసినవారే డ్రైవరు తలుపు ప్రక్కనుండు స్తంభముమీద చీటీ యంటించియుందురు. టైరు ప్రక్కగోడమీద అచ్చువేసిన అంకె యన్ననో, అది ఆ టైరు భరింపగల గరిష్ఠ పరిమితియే గాని పట్టవలసిన కొలత గాదు. ఈ భేదము తెలియక చాలమంది పొరబడుదురు. కొలత ఉదయమున, బండి కదలకమునుపు, టైరు చల్లగానున్నప్పుడే తీయవలెను. వేడి అయిదారు డిగ్రీలు పెరిగిన చదరపుటంగుళమునకు ఒక పౌను చొప్పున గాలి యొత్తిడి హెచ్చును. ఎండలో పది కిలోమీటర్లు నడచివచ్చిన టైరును కొలిచి "ఎక్కువున్నది" అని గాలి తీసివేసినవాడు మరునాటి యుదయమున తక్కువ గాలితో బయలుదేరును.

మా విద్యార్థులు కొలువగా, 30 పౌనులు ఉండవలసినచోట ముందు చక్రములలో 42, 41, వెనుక 43, 38 కనబడెను. క్రొత్త టైరు అంచు రిమ్ములో చక్కగా కూర్చొనుటకై మొదట ఎక్కువ గాలి కొట్టుదురు. తరువాత దింపుట మరచిపోయిరి. మన యొక్కొక్క టైరు నేలను తాకు భాగము సుమారు అరచేయి యంతయే. నాలుగు అరచేతులమీద ఒక టన్ను బరువు పరుగెత్తుచున్నదని యూహింపుడు! గాలి మితిమీరిన ఆ అరచేయి యింకను కుంచించుకొని, గతుకులమీద టైరు ఎగిరిపడును. ముందు తక్కువైన స్టీరింగు బరువెక్కి బండి మందముగా తిరుగును. వెనుక తక్కువైన తోక ఊగును. గాలి 30కి దింపిన పిదప తేలుట చాలవరకు తగ్గెను. ఎడమకు లాగుట మాత్రము తగ్గలేదు.

తేలుటలో మిగిలిన కొంచెమునకు వేరొక కారణము గలదు. దీనిని తరగతిలోనే చూడవచ్చును. క్రొత్త రబ్బరు తుడుపుముక్క నొకటి బల్లమీద నిలువుగా నుంచి పైభాగమును ప్రక్కకు త్రోయుడు, వంగును. సగమరిగిన దానిని త్రోయుడు, అంతగా వంగదు. క్రొత్త టైరు గాళ్లు సుమారు 8 మిల్లీమీటర్ల లోతుండును. అరిగి తీసివేసిన టైరులో రెండో, అంతకు తక్కువయో. గట్లు పొడవైనకొలది స్టీరింగు త్రిప్పినప్పుడు అవి మొదట వంగి, తరువాత బండిని త్రిప్పును. దానికితోడు అచ్చునుండి తేలికగా ఊడుటకు పూసిన జిడ్డు కొంత పైపొరమీద మిగిలియుండును. ఈ రెండును మొదటి కొన్నివందల కిలోమీటర్లలో సర్దుకొనును. అందాక నెమ్మదిగా నడుపుటయే మందు; దీనికై యెవరికిని డబ్బు ఇయ్యనక్కరలేదు.

ఇక ఎడమకు లాగుట. ఒక విద్యార్థి, "సారూ, మొయినాబాదు వైపు పోవునపుడును, చేవెళ్ల వైపు వచ్చునపుడును ఎడమకే లాగిన, లోపము బండిదే కదా? బాటదైన తిరిగి వచ్చునపుడు కుడికి లాగవలెను" అనెను. మంచి తర్కమే, కాని తప్పు. వాననీరు నిలువకుండ బాటను నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేయుదురు. మనము ఎప్పుడును ఎడమ ప్రక్కనే నడుపుదుము గనుక పోవునపుడును వచ్చునపుడును వాలు మన యెడమకే యుండును. ప్రతి మంచి కారును ఆ బాటమీద కొంచెము ఎడమకు ఒరుగును. కాబట్టి వాలులేని సమతలమైన చోటనే చూడవలెను. మా మైదానము ప్రక్కనున్న చదునైన పొడవాటి బాటను మూయించి, తండ్రిగారే నడుపగా చూచితిమి. అచ్చటను ఎడమకే లాగెను. బాట నిర్దోషియని తేలెను.

మిగిలినవి అలైన్‌మెంటు, బ్రేకు, టైరు. వీనిలో దోషి యెవరో పట్టుటకు సులభోపాయ మొకటి కలదు. ముందు చక్రములు రెంటిని ఎడమది కుడికి, కుడిది ఎడమకు మార్చి బిగించవలెను. బండి మునుపటివలె ఎడమకే లాగిన దోషము బండిలో నున్నది. ఇప్పుడు కుడికి లాగిన, దోషము చక్రముతోకూడ ప్రక్క మారినది. అనగా టైరులోనే యున్నది. అయితే ఒక జాగ్రత్త: కొన్ని టైర్ల ప్రక్కన తిరుగవలసిన దిక్కు చూపు బాణముండును, అట్టివానిని ఇట్లు మార్చరాదు. ఈ కారు టైర్లకు బాణము లేదు. జాకీ పెట్టి మార్చితిమి. పిల్లలందరు ఊపిరి బిగబట్టి చూచుచుండిరి. బండి కుడికి లాగెను! ఆ తండ్రి ముఖమున కలిగిన యాశ్చర్యము మాకింకను కన్నులకు గట్టినట్లున్నది.

గుండ్రని టైరు ప్రక్కకేల లాగును? ఇంటిలో అడుగు సన్నముగ, నోరు వెడల్పుగనుండు స్టీలు గ్లాసునొకదానిని నేలమీద పడుకోబెట్టి దొర్లింపుడు. అది తిన్నగా పోదు. సన్నని వైపునకు తిరిగి వలయము చుట్టును. టైరులోపల ఉక్కుతీగెల పట్టీ యుండును. తయారుచేయునపుడు ఆ పట్టీ నడుమనుండి రవంత ప్రక్కకు జరిగిన, గాలి పట్టిన టైరు కంటికి కనబడని గ్లాసు ఆకారమును పొందును. అలైన్‌మెంటు యంత్రము రిముల కోణములనే కొలుచును గనుక ఈ లోపము దానికి చిక్కదు. రెండుసార్లు చెల్లించిన డబ్బు ఏల వృథాయయ్యెనో ఇప్పుడు తెలిసినది కదా. తరువాత ముందువానిలో ఒక్కొక్కదానిని వెనుకకు మార్చి, ఏ టైరు ముందునుండి తొలగినప్పుడు లాగుట నిలిచెనో గుర్తించి దానికి సుద్దతో గీతపెట్టితిమి. తండ్రిగారు ఆ వివరములన్నియు కాగితముమీద వ్రాసికొని పోగా, దుకాణమువారు వాదింపక ఆ యొక్క టైరును మార్చి యిచ్చిరి.

అందరి బండికి ఇదే లోపముండునని తలంపరాదు. టైరు కొలతయే మారియుండవచ్చును. 165/80 ఆర్ 14 అనగా వెడల్పు 165 మిల్లీమీటర్లు, ప్రక్కగోడ యెత్తు అందు నూటికి 80 వంతులు, అనగా 132; రిము 14 అంగుళములు, అనగా 355.6. మొత్తము వ్యాసము 619.6. దీనికి బదులు 185/65 ఆర్ 14 వేసిన వ్యాసము 596.1 మాత్రమే యగును. అప్పుడు వేగమాపకము 80 చూపుచుండగా బండి నిజముగా 77 లోనే పోవుచుండును. ఎనిమిదవ తరగతివారు ఈ లెక్కను తామే చేసి సరిచూచుకొందురు గాక. బాహ్యవలయ రహదారి యెక్కినప్పుడే, 80 దాటిన పిదపనే వణకు కలిగిన, అది చక్రము బరువు సమముగా లేకుండుటవలన. బ్యాలెన్సింగు చేయించిన పోవును. స్టీరింగు వణకిన ముందు చక్రములను, కూర్చున్న సీటు వణకిన వెనుక చక్రములను మొదట చూడవలెను.

రెండే క్రొత్త టైర్లు కొనగలవారు వానిని ముందు వేయవలెనా, వెనుక వేయవలెనా? ఇంజను ముందున్నది గనుక ముందేయని అనేకులందురు. టైర్ల కంపెనీల సలహా మాత్రము వెనుక వేయుమనియే. మా మతమును అదియే. తడిబాటమీద ముందు టైర్లు పట్టుతప్పిన బండి తిరుగక తిన్నగా పోవును. స్టీరింగు తేలికపడుటతో డ్రైవరునకు తెలిసి వేగము తగ్గించును. వెనుకవి పట్టుతప్పిన తోక గిర్రున తిరుగును. తెలియునప్పటికే బండి అడ్డము తిరిగియుండును. తొలకరి వానలో మర్రిచెట్లక్రింద మలుపు తిరుగువారు దీనిని యోచింతురు గాక.

టైర్లు మార్చిన పిదప 50 మొదలు 100 కిలోమీటర్లు నడచినమీదట చక్రముల నట్లను మరల బిగించి చూడవలెను. ఒకదానికెదురుగా ఒకటి చొప్పున బిగింపవలెనే గాని వరుసగా కాదు. దుకాణములో టైరు చేతికి రాగానే ప్రక్కగోడమీద నాలుగంకెల ముద్రను చదువుడు: 2324 అని యున్న, అది 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనది.